మగ్గానికి దండం

మెటికలు ఇరుసుడు అందరికీ వస్తది. మనసువెట్టి ఇరుసుడు మాత్రం కొందరికే వస్తది. నేను ఇరిసిన మెటికలను దేశమంత సూసింది. నవ్వకుండ్రి, నిజంగనే సూసింది. ఢిల్లీల సూసిండ్రట, బొంబాయిల సూసిండ్రట, బళ్లల్ల పిల్లగాండ్లకు సూపెట్టి పంతుళ్లు పాఠం గూడ చెప్పిండ్రట. అవి ఎవల మీద ఇరిసిన్నో, ఎందుకు ఇరిసిన్నో ఇప్పుడు చెప్తాన. నడుమల అడ్డం రాకుండ్రి, నాకు కోపం జల్దొస్తది.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇండ్లు. మా ఇంట్ల రెండు మగ్గాలుండేటియి. ఒకటి మా ఆయన గట్టయ్యది, నాది. ఇంకోటి మా మరిదిది, ఆయన పెండ్లాం చిలుకమ్మది. చిలుకమ్మ నాకు యారాలు. పేరుకు తగ్గట్టు చిలుకనే, పొద్దున లేస్తె నోరు మూతవడదు. ఆమె కొత్తగ కాపురానికొచ్చిన ఏడు మా అత్త మొగిలమ్మ మా ఇద్దర్నీ కొంరెల్లి జాతరకు తోలుకపోయి, కుడి చేతులకు ఒక్కతీరుగ తేలు పచ్చబొట్టు పొడిపిచ్చింది. ఒక్క ఇంటి కోడండ్లని సూడంగనే తెల్వాలెనట. తేలు బొమ్మ పొడిపిచ్చినంక ఆ ఇంట్ల కుట్టుకునుడు కాక ఇంకేముంటది?

డెబ్బై ఎనిమిది, తొమ్మిది, ఆ రోజులల్ల మా నేతోళ్ల సంగం ముంగటికి శుక్రారం పొద్దుగూకంగనే ఒక వ్యాను వచ్చేది. సర్కారుదే. తెల్ల తెర కట్టి ఫిల్ములు ఏసేటోళ్లు. పాటలు, ఫైటింగులు ఉండయి. ఒక వారం సుక్కలు, ఒక వారం పాత రాజుల కోటలు, ఒక వారం బొమ్మలు గీసెటోళ్లు, ఒక వారం దూరపు దేశాలు. ‘విజ్ఞాన చిత్రమాల’ అని దాని పేరు. మాకు నోరు తిరగక లోకం బండి అనేటోళ్లం. ఫిల్ములు ఇంగ్లీషుల మాట్లాడుతాంటె, బండితోని వచ్చే కృపానందం మైకు పట్టుకొని తెలుగుల చెప్పేటోడు. హన్మకొండ పిల్లగాడు, ఆదివారం చర్చిల వాక్యం చదివే గొంతు. దోమల గురించి చెప్పినా ప్రార్థన చేస్తాన్నట్టే ఉండేది.

మన ఖిలా తోరణం సూపెట్టిన వారం అందరం చప్పట్లు కొట్టినం. రోజు సూసేదే, అయినా తెర మీద సూస్తె ఎవలదో అన్నంత గొప్పగ కనపడ్డది. సూర్యుడు గూడ ఒక సుక్కనే అని చెప్పిన వారం మా అత్త ఇంటికొచ్చి అన్నం తినకుంట కూసున్నది. ‘ఇన్నేండ్లు సుక్కకు దండం పెట్టుకున్ననా’ అని ఆమె ఫికరు.

నా ఫికరు వేరే. ఒక వారం సముద్రం సూపెట్టిండ్రు. నేను పుట్టి బుద్ధెరిగినంక సూసిన పెద్ద నీళ్లంటె వడ్డేపల్లి చెరువే. ఈ సముద్రానికి అవుతలి ఒడ్డు లేదు. అలలు లేస్తానయ్, పడ్తానయ్, మల్ల లేస్తానయ్, ఎవలు చెప్పిండ్రో ఏమో. అయితే ఫిల్మంత నలుపు తెలుపే. అయిపోంగనే కృపానందం కాడికి పోయిన.

“తమ్మీ, సముద్రం ఏం రంగుంటది?”

“నీలం, అక్కా.”

“ఏ నీలం?”

“ఏ నీలమేందక్కా? నీలం అంటె నీలమే.”

నూలుకు రంగులు అద్దేది మా ఇంట్ల నేను. నెమలి మెడ నీలం వేరు, సిరా నీలం వేరు, చాకలోళ్ల నీలిమందు నీలం వేరు. ఒక మునక ఎక్కువైతె ఒకటి, తక్కువైతె ఒకటి. అదే చెప్పి, వీటిల ఏదయ్యా అన్న.

“అక్కా, అది సముద్రం రంగక్కా!” అన్నడు ఇసుక్కుంట.

“సున్నం ఏం రంగయ్యా అంటె సున్నం రంగు అన్నట్టున్నది నీ తెలివి” అని తిట్టి ఇంటికొచ్చిన.

కానీ ఆ ముచ్చట నా మనసుల ముల్లు లెక్క కూసున్నది. నూలు బానల ముంచినప్పుడల్లా, ఇదేనా ఆ రంగు, ఇది కాదా అనిపిచ్చేది. మా ఆయనతోని చెప్తె, “సముద్రం సూసి ఏం జేస్తవే? ఉప్పు దుకాన్ల దొరుకుతది” అన్నడు. ఆయనకు ఏం చెప్పినా గంతే.

గసొంటిదాన్ని, ఒకనాడు సంగం ప్రెసిడెంటు వెంకట్రాజం మామ మా ఇంటికొచ్చి ఏమన్నడో తెలుసా? లోకం బండోళ్లు జంపఖానాల మీద ఫిల్ము తీస్తాండ్రట. హైద్రాబాదు నుంచి ఆఫీసరు, కెమెరా వస్తానయట. కొత్తవాడల నాలుగైదు ఇండ్లల్ల తీస్తరట, అందుల మాదొకటి. ఇంకో మాట గూడ అన్నడు. ఫిల్ముల పడ్డ నేతామెను మద్రాసుల జరిగే ఎగ్జిబిషనుకు తోలుకపోయి, అక్కడ మగ్గం మీద కూసోవెడ్తరట.

“మద్రాసుకు సముద్రం ఆనుకోనే ఉంటదక్కా” అన్నడు మామెంట వచ్చిన కృపానందం.

ఇగ ఏమైనా గానీ ఆ ఫిల్ముల పడాలె, మద్రాసు పోవాలె, ఆ రంగేందో నా కండ్లతోని సూడాలె అనుకున్న.

చిలుకమ్మకు సముద్రం పట్టలే. తెర మీద తన మొకం పడాలె, నా మొకం పడొద్దు, గంతే ఆమె సంకల్పం.

కెమెరా వచ్చిన పొద్దు ఆమె పెండ్లి పట్టుచీర గట్టి, మొకానికి పౌడరు కొట్టి, కనకాంబరాలు పెట్టుకొని మగ్గం ముంగట నిలవడ్డది. నేను రంగులద్దే పాత చీరనే గట్టిన, మార్చుకునే తీరిక లేక. ఆఫీసరు సారు ఆమెను కిందికి మీదికి సూసి, “అమ్మా, మీరు పెళ్లికి వెళ్తున్నారా?” అన్నడు. నా దిక్కు తిరిగి, “ఈమె సహజంగా ఉంది. ఈమె కూర్చోవాలి” అన్నడు.

సహజం అంటె ఏందో నాకు అప్పుడు తెల్వదు. చిలుకమ్మ మొకం మాడిపోయింది గనుక మంచి మాటే అయ్యుంటది అనుకున్న.

సారు రెండు షరతులు పెట్టిండు. కెమెరా దిక్కు సూడొద్దు, నోరు తెరవొద్దు. మాట మేం తర్వాత కలుపుకుంటం అన్నడు. సరే అని తల వంచుకొని నేస్తాన. కెమెరా ఎనుక నిలవడి చిలుకమ్మ మొదలువెట్టింది.

“సహజంగున్నదట! మాసిన చీర గట్టుకుంటె సహజమా? అక్కా, నువ్వు జర నవ్వకు. మిషిని పలుగుతది.”

నేను పళ్లు బిగవట్టుకున్న.

“ఆ ఏళ్లు సూడుండ్రి, బెండకాయల లెక్కున్నయ్. లోకమంత సూస్తదట, పాపం లోకం.”

నోరు కట్టేసిండ్రు గానీ చేతులు కట్టెయ్యలే గదా. మగ్గం ఇడిసిపెట్టి, రెండు చేతులు ఆమె దిక్కు చాపి, ‘నీ నోట్ల మన్నువడ’ అని మనసుల అనుకుంట మెటికలు ఇరిసిన. మొత్తం పటపట పెట్లినయ్.

“ఆగండి, ఆగండి!” అన్నడు సారు. కెమెరా అప్పుడు సరిగ్గ నా చేతుల మీదనే ఉన్నదట. “అదేమిటి? ఆ చేతులు అలా చాపి చేశారే, అదేమిటి?”

మూలకు కూసోని కండెలు చుట్టుకుంటున్న మా అత్త తల గూడ ఎత్తలే.

“అది మగ్గానికి దండం సారూ” అన్నది. “పని మీద కూసున్నంక పెట్టుకుంటం. మా తాతల కాన్నుంచి వస్తాంది.”

సారు మొకం ఎలిగిపోయింది. “అద్భుతం! నాకు ఎవరూ చెప్పనే లేదు. అమ్మా, మరొక్కసారి చేస్తారా?”

చెయ్యనా మరి? చిలుకమ్మను నిండుగ సూసుకుంట ఇంకోసారి ఇరిసిన. దీపం ఎలుగు సాలలేదని మల్లొకసారి అడిగిండు. అప్పుడు గూడ మనస్ఫూర్తిగ ఇరిసిన. చిలుకమ్మ కనకాంబరాలు తీసి నేలకు కొట్టి లోపటికి పోయింది. సర్కారు ఖర్చుతోని యారాలును తిట్టిన భాగ్యం ఇంకెవలకు దక్కింది చెప్పుండ్రి?

వానకాలం పోయినంక, ఊర్లన్ని తిరిగి తిరిగి ఆ ఫిల్ము మా కాడికి బండిల వచ్చింది. నేను వాడవాడంత చెప్పుకున్న. నర్సంపేట నుంచి మా అక్క గూడ వచ్చి ముంగట కూసున్నది. ఆఫీసరు సారు గూడ వచ్చిండు. తెర మీద నూలు వచ్చింది, రంగుబానలు వచ్చినయ్, వెంకట్రాజం మామ మొకం వచ్చింది, మా ఆయన మీసం వచ్చింది. ఆఖరికి మా మేక గూడ వచ్చింది. నేను రాలే.

నా చేతులొచ్చినయ్. ఉత్త చేతులు. తెర నిండ రెండు చేతులు, కుడి దాని మీద తేలు. ఆ చేతులు మగ్గం ఇడిసి, ముందుకు చాపి, మెటికలు ఇరిసినయ్. ఎనుక నుంచి వీణ మోగింది. గొప్ప గొంతు ఒకటి తెలుగుల చెప్పింది: “పనిలో కూర్చున్న ఈ కళాకారిణి, తరతరాల సంప్రదాయాన్ని అనుసరించి, తన మగ్గానికి భక్తితో వందనం చేస్తుంది.”

ఆ ఇరుపు ఏ ఇరుపో కొత్తవాడల తెల్వనిదెవలకు? ఆడోళ్ల దిక్కు ఎవలో కిసుక్కుమన్నరు. ఇగ నవ్వులు ఆగుతయా! మా పక్కింటి సమ్మమ్మ నవ్వలేక కింద పడ్డది. కృపానందం తెర ఎనుకకు పోయి నవ్వుకున్నడు. సారు ఒక్కడే, మన కళను సూసి జనం సంబురపడ్తాండ్రనుకొని చేతులు జోడిచ్చిండు.

దీపాలు పెట్టినంక సారు లేసి, “ఆ చేతులు ఎవరివమ్మా? ఎన్నో ఊళ్లలో, ఎన్నో ఇళ్లలో తీశాం, మొహాలు గుర్తు లేవు. వచ్చే నెల ఆమెను మద్రాసు తీసుకెళ్తాం” అన్నడు.

“నాయి!” అని లేసిన.

“నాయి సారూ!” అని చిలుకమ్మ గూడ లేసింది. చెయ్యెత్తి తేలును సూపెట్టింది.

వెంకట్రాజం మామ నా తేలును సూసిండు, ఆమె తేలును సూసిండు. ఒక్క తల్లి పిల్లల లెక్కున్నయ్. గాజులు గూడ ఒక్క తీరువే. మా ఆయన్ని అడిగిండు. గట్టయ్య నన్ను సూసిండు, తమ్మున్ని సూసిండు, మీసం సవరిచ్చుకొని, “ఫిల్ముల గుర్తువట్టుడు కష్టం మామా” అన్నడు. పాతికేండ్లు ఆ చేతుల కూడు తిన్న మనిషి! మా అత్తను అడిగితె, “ఇద్దరూ నా కోడండ్లే” అని తమలపాకు నోట్లేసుకున్నది.

“నేను రోజూ మగ్గానికి దండం వెడ్త సారూ” అని చిలుకమ్మ చేతులు చాపి మెటికలు ఇరిసి సూపెట్టింది. ఎంత భక్తి! కండ్లు గూడ మూసుకున్నది.

నా వొల్లు మండిపోయింది. ముందెనుక సూసుకోలే.

“ఓసి నీ అబద్ధాలు తగలవడ! మగ్గానికి దండమా? ఆ మెటికలు నీ మీద ఇరిసినయే! నీ నోట్ల మన్నువడ అని ఇరిసిన! సారూ, నేను తిట్టిన తిట్టు నాకు తెల్వదా? చేతులు నాయే!”

జనం గొల్లుమన్నరు. గెలిసిన అనుకున్న. అప్పుడు సారు మొకం సూసిన. రక్తం సుక్క లేదు.

“అంటే... అది తిట్టా?” అన్నడు. కుర్చీల కూలవడ్డడు. “అమ్మా, ఈ భాగం అన్ని భాషల్లోకీ వెళ్లింది. పిల్లలు పరీక్షల్లో కూడా రాస్తున్నారు, మగ్గానికి వందనం అని. ఇది తిట్టని పైవాళ్లకు తెలిస్తే ఫిల్మూ ఆగిపోతుంది, మద్రాసూ ఉండదు. నా సంగతి ఇక చెప్పక్కర్లేదు.”

నాకు అప్పుడు ఎక్కింది. అది తిట్టయితె చేతులు నాయే, కానీ మద్రాసు లేదు. దండమైతె మద్రాసు ఉన్నది, కానీ చేతులు నాయని రుజువు లేదు. ముందుకు పోతె నుయ్యి, ఎనుకకు పోతె గొయ్యి. నా నోటితోని నేనే సముద్రాన్ని ఎండవెట్టుకున్న. ఏడుపు ఆగలే. అంతమంది ముంగట, కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్సిన.

చిలుకమ్మ నన్ను సూసింది. కాపురానికొచ్చిన కాన్నుంచి నన్ను ఏడిపియ్యాలెనని సూసిన మనిషి, నేను నిజంగ ఏడుస్తె ఎట్లుంటదో ఆమెకు అప్పటిదాక తెల్వదు. నెమ్మదిగ నా పక్కకొచ్చింది.

“సారూ, మా అక్కకు కోపమొస్తె ఏం మాట్లాడ్తదో ఆమెకే తెల్వదు” అన్నది. “ఆ చేతులు ఆమెయే. నేనే పరాచికం ఆడిన. అది తిట్టు గాదు, దండం గాదు. ఆ పొద్దు నేను పట్టుచీర గట్టి కుందనపు బొమ్మ లెక్కుంటి. పెండ్లికి పోతాన్నవా అని మీరే అడిగితిరి. నాకు ఎవల దిష్టి తగులుతదో అని మా అక్క ప్రాణం ఆగలే. పని ఆపి మెటికలు ఇరిసింది. దిష్టి తీసింది సారూ!”

నిజమే గదా, దిష్టి తీసినా మెటికలే ఇరుస్తం. తిట్టినా అవే మెటికలు. ఇరిసెటోళ్ల కడుపుల ఉన్నదే గానీ మెటికె మీద ఏమన్న రాసుంటదా?

చిలుకమ్మ నా రెండు చేతులు పట్టి తన చెంపల మీద పెట్టుకున్నది. “ఏదక్కా, సారుకు సూపెట్టు” అన్నది గట్టిగ. చెవుల మాత్రం, “నేను గూడ మద్రాసు వస్త. లేకుంటె మల్ల తిట్టే అని చెప్త” అన్నది.

ఏం జేస్త? చెంపలు నిమిరి, నా కణతల కాడ మెటికలు ఇరిసిన. సారుకు ప్రాణం లేసొచ్చింది. “అంటే పనిలో తోటి కళాకారిణిని దీవించడమన్నమాట! ఇది కూడా సంప్రదాయమే కదా. వ్యాఖ్యానంలో ఒక్క మాట మారిస్తే చాలు.”

“నేను చెప్పింది అదే గద సారూ” అన్నది మా అత్త తమలపాకు నములుకుంట. “మగ్గమన్నా మనిషన్నా మాకు ఒక్కటే.”

“అయితే ఇద్దరూ రావాలి” అన్నడు సారు.

మద్రాసు ఎగ్జిబిషన్ల మా కత సూడాలె. నేసినంతసేపు ఎవలూ సూడరు, దిష్టి తీసేటప్పుడు మాత్రం గుంపుగ వస్తరు. తెల్లోళ్లు ఫొటోలు కొడ్తరు. ఒక గుంపు పోంగనే ఇంకో గుంపు. నేను నవ్వుకుంట చిలుకమ్మ చెంపలు నిమురుడు, పళ్ల సందుల నుంచి ‘నీ నోట్ల మన్నువడ’ అనుడు. ఆమె నవ్వుకుంట ‘నీ నోట్ల దుమ్మువడ అక్కా’ అనుడు. కడుపుల లేంది కావలిచ్చుకుంటె వస్తదా? ఇరిసి ఇరిసి నా ఏళ్లు మొద్దువారినయ్. మెటికలు పెట్లుడు బంద్ వెట్టినయ్. ఇగ నాలికెతోని టక్కుటక్కుమని చప్పుడు చేసి నడిపిచ్చిన.

ఆఖరి పొద్దు కృపానందం మమ్మల్ని సముద్రానికి తోలుకపోయిండు. బండితోని ఆయన గూడ వచ్చి ఉండె.

సూసిన. నేను మోసుకపోయిన నీలాలన్ని ఒక్కొక్కటి పక్కన పెట్టి సూసిన. నెమలి మెడ కాదు, సిరా కాదు. ఒడ్డు కాడ ఒకటి, నడుమ ఒకటి, దూరాన ఒకటి. ఇదీ అనుకునేలోపట మబ్బు వచ్చి మారిపోతాంది. ఏ బానలకూ దొరకదు.

“ఏం రంగక్కా?” అన్నడు కృపానందం.

నేను వంగి దోసిట్ల నీళ్లు ఎత్తి సూసిన, అందుల ఏ రంగూ లేదు.

“చెప్పిన గదక్కా. సముద్రం రంగు” అన్నడు.

ఈసారి నేను తిట్టలే.

గంతల్నే కేక ఇనపడ్డది. చిలుకమ్మ, చీర ఎత్తిపట్టుకొని, చెప్పా పెట్టకుంట నీళ్లల్లకు పోయింది. పెద్ద అల వచ్చి కొట్టింది. మనిషి లేదు. కొప్పు కనపడ్డది, చెయ్యి కనపడ్డది, తేలు కనపడ్డది. ఎట్ల ఉరికిన్నో నాకు తెల్వదు. ఆ తేలునే గట్టిగ పట్టుకున్న. అల ఎనుకకు గుంజుతాంటె నేను ముందుకు గుంజిన. ఒడ్డు మీద ఏసి సూస్తె కండ్లు తేలేసింది, దగ్గుతాంది, నోరు తెరిసింది.

నోటి నిండ ఇసుక. మొత్తం మన్నే.

ఇన్ని రోజులు, పొద్దందాక, నవ్వుకుంట నేను అడిగింది ఇదే గదా. ఇచ్చేటోడు ఇన్నడు. నా తల్లీ, నా చెల్లే, ఉత్తగ అన్ననే, నీకేమన్న అయితె నేను ఎవలతోని కొట్లాడుదు అని ఏడ్సుకుంట ఏలు పెట్టి ఆ ఇసుకంత తీసిన. ఆమె చెంపలు నిమిరి, కణతల కాడ మెటికలు ఇరిసిన. ఎవలూ అడగలే, ఎవలూ ఫొటో కొట్టలే. మొద్దువారిన మెటికలు మొత్తం పటపట పెట్లినయ్.

చిలుకమ్మ ఇంకింత ఇసుక ఊసి, నా దిక్కు సూసింది.

“పడ్డదక్కా మన్ను” అన్నది. “ఇగ సాలు.”

ఇంటికొచ్చినంక మా అత్త వాకిట్లనే అడిగింది, “అయితె ఏం రంగే సముద్రం?” అని.

“రంగుబానల పొద్దటి నీళ్లకు జర పసుపు కలిపినట్టు” అని నేను మొదలువెట్టిన్నో లేదో, “ఏం గాదు, బూడిద రంగు. మా అక్కకు కండ్లు సరిగ్గ కనపడవు” అన్నది చిలుకమ్మ.

నా వొల్లు మండింది. రెండు చేతులు చాపి మెటికలు ఇరిసిన. మన్నువడ అని మాత్రం అనలే, ఆ మాట నా నోటికి మల్ల రాలే. వేరే తిట్లు లేవా ఏంది?

లొల్లి ఇని పక్కింటి సమ్మమ్మ గోడ మీదికెల్లి తొంగి సూసింది. “ఏందత్తా, రాంగనే ఏందా చప్పుడు?”

“ఏం లేదే” అన్నది మా అత్త, కండెలు ముంగటేసుకుంట. “మా పెద్ద కోడలు మగ్గానికి దండం వెడ్తాంది.”